మంద కాడ పడక: గొర్ల కాపరికి కుట్టిన పక్కచుట్ట

కల్వకుర్తిలో మాది టార్పాలిన్, సీట్ కవర్ల షాపు. ట్రాక్టర్ ట్రాలీలకు, డీసీఎంలకు పట్టాలు కుట్టడం, ఆటో టాపులు మార్చడం, బైకు సీట్లు కట్టడం రోజువారీ పని. పడకలు కుట్టే అలవాటు మాకు లేదు. పోయినేడు చలికాలానికి ముందు ఒక గొర్ల కాపరి అడిగితే పక్కచుట్ట, అంటే చుట్టి మోసుకుపోయే పడక, ఒకటి తయారు చేశాం. ఆయన సీజనంతా వాడి, చిరిగింది చిరిగినట్టే తెచ్చి నా బల్ల మీద పరిచాడు. ఆ తర్వాత అట్లాంటిదే కావాలని ఒక్కొక్కరు వస్తున్నారు. వచ్చినవాళ్ళందరికీ మళ్ళీ మళ్ళీ చెప్పే బదులు ఏం అడిగాడు, ఏం కుట్టాం, ఎందుకట్లా కుట్టాం, వాడకంలో ఏం తేలింది అనేది వరుసగా రాస్తున్నాను. ఇంట్లో మిషన్ ఉన్నవాళ్ళు సొంతంగా కూడా కుట్టుకోవచ్చు.

పని పెట్టినాయన అరవైకి దగ్గర పడ్డ మనిషి, నేను కాక అని పిలుస్తాను. వానాకాలం వరి కోతలు కాగానే ఆయన, ఆయన తమ్ముడు, ఇంకో రెండిండ్లవాళ్ళు మందలు కలుపుకొని డిండి, దేవరకొండ మీదుగా సాగర్ ఎడమ కాలువ ఆయకట్టుకు పోతారు. హాలియా, మిర్యాలగూడ దిక్కు కోసిన మళ్ళలో పగలు గొర్లు మేస్తాయి. రాత్రి ఏ రైతు మడిలో మంద పెడితే ఆ రైతు పైసలో, వడ్లో ఇస్తాడు. మడికి ఎరువు, గొర్లకు మేత, వీళ్ళకు ఖర్చులు. యాసంగి నాట్లు పడేదాకా అక్కడే. అంటే చలి రాత్రులన్నీ ఆరుబయటే.

ఆయన మాటల్లోనే చెప్పాలంటే: "బిడ్డా, మీద ఎంత కప్పుకున్నా వీపు కాడ సల్లగైతది. తెల్లారి లేచి చూస్తే గొంగడి తడి. మిలిటరీ వాళ్ళ కాడ ఉంటది చూడు, చుట్టి భుజానేసుకునేది, అసువంటిది ఒకటి కుట్టు. కానీ జిప్పు పెట్టకు. కుక్కలు పడితే నేను జిప్పు ఎక్కడుందని దేవులాడుకోవాల్నా?"

నేను అడిగితే ఇంకో రెండు సంగతులు చెప్పాడు. పడుకున్న చోటు నుంచి తల తిప్పితే మంద కనపడాలి. పగలు చుట్టి బైకు వెనకాల కట్టేస్తే ఊడిపోవద్దు. అంతే, మెత్తదనం గురించి ఒక్క మాట లేదు.

అప్పటిదాకా ఆయన పడక ఏందంటే, కింద ఒక పల్చటి ప్లాస్టిక్ పట్టా, దాని మీద బొంత, మీద గొంగడి, మంచు కురిసే రాత్రి గొంగడి మీద ఇంకో పట్టా. వినడానికి బాగానే ఉంది. నిజానికి ఒకప్పుడు బాగానే నడిచింది కూడా, ఎందుకంటే అప్పట్లో పట్టా కింద జానెడు మందం వరిగడ్డి ఉండేది. చేత్తో కోసిన రోజుల్లో ఏ మడిలో పడుకున్నా గడ్డి అడిగేవాడు లేడు. ఇప్పుడు హార్వెస్టర్ కోస్తోంది. వెనకాలే బేలర్ వచ్చి గడ్డిని కట్టలు కట్టి పోతోంది, లేదంటే రైతు అగ్గి పెడుతున్నాడు. కట్ట కట్టకూ రేటుంది. నాలుగు కట్టలు విప్పి పరుచుకుంటానంటే ఎవరూ ఊరుకోరు. పడక కిందినుంచి గడ్డి పోయింది, దాని జాగాలోకి ఏదీ రాలేదు. వీపుకు చలి మొదలైంది అక్కడే.

చలి అనగానే అందరి చెయ్యీ కప్పుకునేదాని మీదికే పోతుంది. కాక కూడా మొదట "ఇంకో రగ్గు లోపల కుట్టు" అనే అన్నాడు. కానీ చలిని ఆపే పని చేసేది బట్టలో చిక్కుకున్న గాలి. ఒంటి బరువు కింద బొంత అణిగిపోతే ఆ గాలి పోతుంది, ఎన్ని పొరలున్నా పలుచనే. దానికి తోడు తడి నేల. మా దిక్కు చెలకలు (వాన మీద పండే మెట్ట భూములు) నవంబరుకే ఎండిపోతాయి, వాటి మీద పడుకుంటే అంత తెలియదు. ఆయకట్టు మళ్ళు కోత తర్వాత కూడా లోపల పచ్చిగానే ఉంటాయి. పచ్చి నేల ఒంట్లో వేడిని పొడి నేల కంటే చాలా తొందరగా లాగేస్తుంది. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున పన్నెండు, పదమూడు డిగ్రీలకు దిగే రాత్రులుంటాయి. ఆ చలికి గొంగడి ఒక్కటి చాలు, కింద సరిగ్గా ఉంటే.

కాబట్టి గొంగడి జోలికి పోవద్దని మొదట్లోనే అనుకున్నాం. దక్కనీ గొర్రె ఉన్ని ముతకది, కానీ దానంతటిది లేదు. తన బరువులో మూడో వంతు దాకా చెమ్మ పీల్చుకున్నా చేతికి తడి తగలదు, వెచ్చదనమూ పోదు. నేత తర్వాత చింతగింజల గంజి పట్టించిన గొంగడి మీద చిన్న జల్లు పడినా జారిపోతుంది. ఇబ్బంది ఏంటంటే, ఇప్పుడు కొత్తది దొరకడం కష్టం. ఆయన మందలోనే చూశాను, దాదాపు అన్నీ నెల్లూరు జాతివి. మాంసానికి మంచివి, వాటికి వెంట్రుకలే గానీ ఉన్ని ఉండదు. కత్తిరించడానికి ఉన్ని లేదు, నేసే కురుమ ఇండ్లలో మగ్గం గుంతలు పూడ్చేశారు. ఉన్న గొంగడిని కాపాడుకోవడమే దారి. అది తడవకుండా చూడటం పక్కచుట్ట పనుల్లో ఒకటిగా పెట్టుకున్నాం.

తడి ఎక్కడిది?

కుట్టడానికి ముందు దీని సంగతి తేలాలి. కాక లెక్కలో అది మంచు. మీద ఇంకా మందం పట్టా వేస్తే ఆగుతుందని ఆయన నమ్మకం. నాకు అనుమానం వచ్చింది, ఎందుకంటే లారీ పట్టాల్లో ఈ గోల మాకు తెలుసు. కొంచెం పచ్చి ఉన్న వడ్ల మీద ప్లాస్టిక్ పట్టా బిగించి కడితే వాన చుక్క పడకపోయినా తెల్లారేసరికి లోపల చెమర్చి పై బస్తాలు తడుస్తాయి.

ఊర్లోనే, ఆయన చెలక కాడ రెండు పక్కలు వేయించాను. ఒకటి ఖాళీది, రెండోదాంట్లో కాక. రెండిటి మీదా ఒకే రకం పట్టా. రెండిట్లోనూ గొంగడి మీద ఒక న్యూస్‌పేపరు, బొంత కింద ఒకటి. తెల్లారి చూస్తే ఖాళీ పక్క మీది పట్టా బయట వైపు నీళ్ళు కారుతున్నాయి, లోపలి పేపరు మాత్రం పెళపెళలాడుతోంది. కాక పడుకున్నదాంట్లో పట్టా లోపలి వైపే చుక్కలు కట్టాయి. గొంగడి మీద పేపరు మెత్తబడి, లేపబోతే ముక్కలుగా చేతికి అంటుకుంది. బొంత కిందిది కూడా వీపు, నడుము ఉన్న చోట ముద్దయింది, కాళ్ళ కాడ పొడిగా ఉంది.

మంచు బయటే ఆగింది. లోపలిది ఆయనదే. మనిషి ఒంటి నుంచి, ఊపిరి నుంచి రాత్రికి పావు లీటరు దాకా నీరు ఆవిరైపోతుంది. చెమట పట్టకపోయినా ఇది జరుగుతుంది. ఆ ఆవిరి బయటికి పోవాలి. మీద ప్లాస్టిక్ ఉంటే, అది ఆకాశం వైపు చల్లబడి ఉంటుంది గనుక, లోపలి వైపు నీరుగా మారి గొంగడి మీద పడుతుంది. కాక కాసేపు పేపరు ముక్క నలిపి చూసి, "అయితే నేను పైసలు పెట్టి పట్టా కొన్నది నన్ను తడుపుకోనీకా" అన్నాడు.

ఇక్కడితో సగం డిజైన్ తేలిపోయింది. ప్లాస్టిక్ కిందికే పరిమితం. ఒంటికి తగిలేటట్టు మీద ఎక్కడా ఉండదు.

అడుగు పట్టా

పైసలన్నీ పోవాల్సింది ఇక్కడ, కాబట్టి దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను.

200 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 200 గ్రాముల బరువు) హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పట్టా తీసుకున్నాం, 9 అడుగులు 6 అడుగుల సైజు. ఇంతకు తక్కువ మందానిది వరి కొయ్యలకు ఆగదు. 250 అయితే ఇంకా గట్టి, కానీ చుట్టేటప్పుడు మొండికేస్తుంది. మైనం పట్టించిన లారీ కాన్వాస్ నాకు ఇష్టమైన సరుకు, సూది రంధ్రాలు తడికి వాటంతట అవే బిగుస్తాయి. కానీ బరువు, ఒకసారి తడిస్తే రెండు రోజులు ఆరదు. రోజుకో మడి మారే మనిషికి అది పనికిరాదు.

హెచ్‌డీపీఈతో చిక్కల్లా కుట్టులోనే. ప్రతి సూది పోటూ ఒక రంధ్రమే, అది మళ్ళీ మూసుకోదు. అందుకని నేలకు తగిలే భాగంలో ఒక్క కుట్టు కూడా పడకుండా కోత కోశాం. పడుకునే వెడల్పు 27 అంగుళాలు, రెండు పక్కలా నాలుగేసి అంగుళాలు పైకి లేచే గోడ, అంచు మడతలకు ఒకటిన్నర చొప్పున మూడు. మొత్తం 38 అంగుళాలు. కుట్లన్నీ ఆ గోడ పై అంచులోనే పడ్డాయి, నేలకు నాలుగు అంగుళాల ఎత్తులో. కింద చెమ్మ ఎంతున్నా లోపలికి ఎక్కే దారి లేదు.

పొడవు 105 అంగుళాలు. తల వైపు రెండడుగుల రెక్క, పడకకు 6 అడుగులు, కాళ్ళ వైపు ఆరంగుళాలు ఎక్కువ, మడతలు. తల వైపు రెక్కకు రెండు పనులు. రాత్రి మడిచి కిందికి తోస్తే బట్టల మూట దాని మీద పెట్టుకొని దిండుగా వాడుకోవచ్చు. పగలు చుట్ట చుట్టాక అది బయటికి వచ్చి మొత్తాన్ని ఒక చుట్టు చుట్టేస్తుంది, దుమ్ము లోపలికి పోదు. కాళ్ళ వైపు కూడా గోడ లేపుదామని మా షాపులో పనిచేసే పిల్లగాడు అన్నాడు. వద్దన్నాను. వాన పడి నీళ్ళు లోపలికి వస్తే పోవడానికి ఒక దారి ఉండాలి. నాలుగు వైపులా గోడ కడితే అది తొట్టి అయి కూర్చుంటుంది.

సూది 18వ నంబరు, పాలిస్టర్ దారం, కుట్టు పొడవు నాలుగు మిల్లీమీటర్లకు పైనే. బట్ట కుట్టినట్టు దగ్గర దగ్గర కుట్టు వేస్తే పట్టా పోస్టు స్టాంపుల షీటు లాగా ఆ గీత వెంబడే చిరుగుతుంది. ఇంట్లో మిషన్ మీద కుట్టేవాళ్ళు ముఖ్యంగా దీన్ని గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఆ మిషన్లు సన్న కుట్టుకే పెట్టి ఉంటాయి. అంచును ఒట్టిగా మడిచి కుట్టకుండా లోపల కాటన్ పట్టీ పెట్టి మడిచాం. దారం ప్లాస్టిక్‌ను కోయకుండా ఆ పట్టీ బరువు మోస్తుంది. కుట్టు మీద నల్లమల తేనెమైనం ముద్ద ఒకసారి రుద్దాం. కొవ్వొత్తి రుద్దినా నడుస్తుంది.

మిగిలిన 34 అంగుళాల ముక్క కాక తీసుకుపోయాడు, బియ్యం సంచి మీద కప్పుకోవడానికి.

పట్టా మీద ఫోమ్. "స్పాంజి వెయ్, మెత్తగుంటది" అన్నాడు కాక తమ్ముడు. స్పాంజి నీళ్ళు తాగుతుంది, బరువు పడితే కాగితంలా అణుగుతుంది, ఆరదు. టీవీ డబ్బాల్లో వచ్చే తెల్ల ఈపీఈ ఫోమ్ షీటు చవక, నీళ్ళు పీల్చదు, కానీ అందులోని బుడగలు ఒక సీజన్‌కే చితికి చప్పబడిపోతాయి. మేం వేసింది ఎక్స్‌ఎల్‌పీఈ అనే గట్టి రకం ఫోమ్, 10 మిల్లీమీటర్ల మందం, సోఫా ఫోమ్ అమ్మే షాపుల్లో దొరుకుతుంది. కొనేటప్పుడు బొటనవేలితో గట్టిగా నొక్కి వదలాలి. గుంట వెంటనే లేచి వస్తే మంచిది. గోరు గుర్తు అట్లాగే ఉండిపోతే వద్దు. ఈ కొలతకు దాని బరువు అరకిలో కూడా ఉండదు.

గాలి కొట్టే పరుపులు అడిగేవాళ్ళు కూడా వస్తారు. పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్ళు, కంది కొయ్యలు ఉన్న నేల మీద దాని ఆయుష్షు ఒక రాత్రి.

బొంత, అందులో పాత గొంగడి

ఫోమ్ మీద నేరుగా పడుకుంటే వీపుకు చెమ్మ తగులుతుంది, అది పీల్చుకోదు గనుక. దాని మీద కాటన్ ఉండాలి. ఈ పని మిషన్ మీద చేయలేదు. బొంతను మిషన్ మీద కుడితే పొరలు బిగుసుకుపోయి అట్టలాగా తయారవుతుంది, చేతి కుట్టుకు ఉన్న మెత్తదనం రాదు. చిన్నమ్మ, అంటే కాక ఇంటావిడ, పాత నూలు చీరలతో నాలుగు పొరలు వేసి తానే కుట్టింది. పాలిస్టర్ చీరలు కలపొద్దని ముందే చెప్పాను. అవి చెమ్మ పీల్చవు, జారుతాయి, బీడీ నిప్పు పడితే కరిగి ఒంటికి అంటుకుంటాయి. ఆమె నా మాట విని నవ్వింది. "నాకెరుకే కొడుకా, ఆ చీరెలు మేకల మూతులు తుడవనీకి కూడా పనికిరావు" అంది.

అప్పుడే కాక ఇంకోటి తెచ్చాడు. వాళ్ళ నాయన కప్పుకున్న గొంగడి, నడుమ చిల్లులు పడ్డది. దాన్ని కూడా కింద వేయాలి, కానీ సూది తగలొద్దు, కత్తెర అసలే తగలొద్దు. దానికి బొంతను గలీబు లాగా చేయించాం. రెండు ముక్కలు మూడు వైపులా కుట్టి, కాళ్ళ వైపు తెరిచి బందులు పెట్టాం. పాత గొంగడి మడిచి లోపలికి తోస్తే చాలు. సెంటిమెంటు కోసం చేసినట్టు కనపడినా, పనికి కూడా ఇదే మేలైంది. ఉన్ని చేరాక వెచ్చదనం పెరిగింది, ఉతకాల్సి వస్తే బొంత ఒక్కటే విడిగా తీయొచ్చు. చలి రాత్రి పుట్టిన గొర్రెపిల్లను పక్కలో వేసుకునే మనిషికి బొంత ఉతకడం తరచూ ఉండే పని.

బొంత పై ముక్క తెల్లగా, లేత రంగులో ఉండాలన్నాను. ముదురు రంగైతే మాసినా కనపడదని చిన్నమ్మ వాదన. మాపు కనపడకపోతే మంచిదే, పిడుదులు కనపడకపోతేనే చిక్కు. గొర్ల మధ్య పడుకునేవాళ్ళకు అవి తప్పవు, లేత బట్ట మీద టార్చి వేస్తే ఇట్టే తెలుస్తాయి. తేలు కూడా అంతే. చివరికి పైన లేత రంగు, కింద ముదురు చీర.

బొంత రెండు అంచులకూ నాలుగేసి బందులు, పట్టా గోడకు ఎదురుగా నాలుగేసి. ముడి వేస్తే గోడ నిలబడుతుంది, పక్క కదలదు.

దోమతెర, కట్లపాము

దోమతెర ఆయన అడగలేదు, నేనే పెట్టించాను. ఒక్కరు పట్టే మామూలు తెర. దోమల కంటే పాము కోసం. మన దిక్కు ప్రాణాల మీదికి తెచ్చే పాముల్లో నేల మీద నిద్రపోయేవాళ్ళకు ఎక్కువ ప్రమాదం కట్లపాముతో. అది రాత్రుళ్ళే తిరుగుతుంది. కాటు నొప్పి పెద్దగా ఉండదు, వాపూ కనపడదు, చాలామందికి కాటు పడ్డ సంగతే తెలియదు. తర్వాత కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం, ఊపిరి ఆడకపోవడం మొదలవుతాయి. కొందరికి ముందు కడుపునొప్పి వస్తుంది, అజీర్తి అనుకుంటారు. అట్లాంటి అనుమానం ఏ కొంచెం ఉన్నా 108కి ఫోన్ చేసి పెద్ద ప్రభుత్వాసుపత్రికి పోవడమే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకే విరుగుడు ఇంజక్షన్ పనిచేస్తుంది. మంత్రాలతో పోగొట్టుకున్న గంట తిరిగి రాదు.

పక్క కిందికి బాగా దోపిన దోమతెర ఈ పాము నుంచి కాపాడుతుంది. అయితే బజారు తెరల అంచు పొట్టిగా ఉంటుంది, నేల మీది పక్కకు దోపితే నిలవదు. అందుకని చుట్టూ అడుగు వెడల్పు కోరా బట్ట జోడించాం. ఆ అడుగు మొత్తం ఫోమ్ కిందికి పోతుంది, మనిషి బరువే దాన్ని పట్టుకుంటుంది.

ఇప్పుడు జిప్పు లేకుండా తొందరగా లేవడం ఎట్లా? దోపిన బట్ట ఒక్క గుంజుకు వచ్చేస్తుంది, లేవడానికి ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బంది తిరిగి వచ్చాక. రాత్రి రెండింటికి కుక్కల్ని తరిమి వచ్చిన మనిషి ఓపికగా మళ్ళీ తెర దోపుతాడా? దోపడు. ఇది నాకు చెప్పింది చిన్నమ్మే. అందుకు మంద వైపు అంచుకు రెండు వేళ్ళ లావు గొట్టం కుట్టి, సన్న ప్లాస్టిక్ సంచిలో ఇసుక పోసి దాంట్లోకి దూర్చాం. వదిలేస్తే తెర దానంతటదే నేలకు ఆనుకొని పడుతుంది. దోపినంత గట్టి కాపుదల ఇది కాదు, ఆ సంగతి కాకకు స్పష్టంగా చెప్పాను. మళ్ళీ పక్కలోకి వచ్చే ముందు టార్చి వేసి చూడాలి, అంతే.

తెర నిలబెట్టడానికి కొత్తగా ఏమీ కొనలేదు. మంద చుట్టూ కట్టే వలకు గుంజలు వాళ్ళ దగ్గర ఎట్లాగూ ఉంటాయి. తల కాడ ఒకటి, కాళ్ళ కాడ ఒకటి పాతి మధ్య తాడు బిగిస్తే సరి. ఆ తాడే మంచు సమస్యకూ జవాబైంది. 7 అడుగులు 5 అడుగుల కోరా దుప్పటి ఒకటి తాడు మీద వేస్తే మంచు దాని మీద పడుతుంది, గొంగడి మీద పడదు. లోపలి ఆవిరి ఆ బట్టలోంచి బయటికి పోతుంది. పొద్దున పిండి ఆరేస్తే ఎండ వచ్చిన గంటకల్లా ఆరుతుంది. దుప్పటిని గాలి వైపు నేల దాకా దించాలి, మంద వైపు జానెడే. పడుకొని చూస్తే గొర్లు కనపడాలన్న షరతు అట్లా తీరింది. వాన వస్తే అదే తాడు మీద పాత పట్టా. రెండు కొనలూ తెరిచే ఉంటాయి, తెరకూ పట్టాకూ మధ్య జాగా ఉంటుంది, కాబట్టి చెమర్చినా మీద పడదు.

చుట్టి కట్టడం

ఇక్కడ పెద్దగా చెప్పేదేమీ లేదు. ఒకటిన్నర అంగుళాల నవారు, రెండు కట్లు, వాటి మధ్య అడుగున్నర దూరం, భుజానికి ఒక పట్టీ. కుట్టు వేసిన చోటల్లా చదరంగా కుట్టి, లోపల మూల నుంచి మూలకు రెండు అడ్డ కుట్లు. ప్లాస్టిక్ బకెల్ పెట్టలేదు. ఎండకు పెళుసైపోతుంది, ఎక్కడో మడిలో విరిగితే రిపేరు లేదు. రెండేసి ఇనుప డీ రింగులు పెట్టి నవారు వాటిలోంచి తిప్పి గుంజితే బిగుస్తుంది, రింగు ఎత్తితే వదులవుతుంది. చలికి వేళ్ళు కొంకర్లు పోయినా పనిచేస్తుంది.

గొంగడి లోపల పెట్టి చుడితే చుట్ట లావు అడుగుకు కొంచెం తక్కువ. గొంగడి కాకుండా బరువు నాలుగు కిలోల లోపే.

సీజన్ తర్వాత నా బల్ల మీద

వీపుకు చలి అనే మాట మళ్ళీ రాలేదు. గొంగడి మామూలు మంచు రాత్రుల్లో పొడిగానే ఉందట. కాలువ గట్ల కాడ దట్టంగా పొగమంచు కమ్మిన రాత్రులు మాత్రం అన్నీ తడిసినట్టే ఉన్నాయన్నాడు. గాలే నీళ్ళతో నిండి ఉన్నప్పుడు ఏ పక్క అయినా చేయగలిగింది తక్కువ. ఆ పొద్దున చుట్ట కట్టకుండా ఎండ వచ్చేదాకా పరిచి ఉంచాలి. ఆయన తమ్ముడు తన పక్క తడిదే చుట్టి బైకు మీద వేసుకొని తిరిగితే అతని బొంత ముక్కిన వాసన కొట్టింది.

నవారు కట్ల కొసలు సగం లేవు. మేకలు నమిలాయి. చేతి చెమట ఉప్పుకు మరిగాయో, ఊరికే నమిలాయో మేకలకే తెలియాలి. ఇప్పుడు కుట్టే చుట్టలకు కొసలు దూర్చడానికి చిన్న జేబు పెడుతున్నాం. నైలాన్ నవారు వేసి చూశాం గానీ అది డీ రింగుల్లో జారుతుంది. కాటన్‌కే తిరిగి వచ్చాం.

తిరుగు దారిలో దేవరకొండ దిక్కు చెలకల్లో పడుకున్నప్పుడు కంది కొయ్య ఒకటి పట్టాను, ఫోమ్‌ను కలిపి పొడిచింది. ఫోమ్‌కు వచ్చిన నష్టం ఏమీ లేదు. పట్టా చిల్లుకు కుట్టు వేయకూడదు, మామూలు జిగురు ఆ ప్లాస్టిక్‌ను పట్టుకోదు. అదే పట్టా ముక్క మీద పెట్టి, మధ్యలో కాగితం అడ్డం వేసి, ఇస్త్రీ పెట్టెను తక్కువ వేడి మీద ఉంచి నొక్కితే అతుక్కుంది. వేడి ఎక్కువైతే ముడుచుకుపోతుంది, ముందు వేరే ముక్క మీద చూసుకోవాలి.

ఇసుక గొట్టం ఒక చోట చినిగి ఇసుక కారింది. కాక దాంట్లో ఏం పోశాడో చూస్తే కంకర. ఇసుక నేలకు ఆనుకున్నట్టు కంకర ఆనదు, కింద సందులు వస్తాయి. తీసి మళ్ళీ ఇసుకే పోశాం, ఈసారి రెండు సంచులు ఒకదాంట్లో ఒకటి.

ఖర్చు సంగతి. పట్టా, ఫోమ్, తెర, కోరా బట్ట, నవారు, రింగులు అన్నీ కలిపి మా కూలి కాకుండా రెండు వేలకు అటూ ఇటూ అయ్యింది. అందులో ఫోమ్, పట్టా కలిపి సగానికి పైన. బొంత, గొంగడి ఇంట్లోవే గనుక లెక్కలోకి రాలేదు. పైసలు తక్కువుంటే కోరా దుప్పటి బదులు పాత పంచె వేసుకోవచ్చు, డీ రింగుల బదులు తాడు కట్టుకోవచ్చు. ఫోమ్, తెర మాత్రం తగ్గించొద్దు.

ఇంట్లో కుట్టుకునేవాళ్ళకు కొలతలు: పడక పొడవు మనిషి ఎత్తుకు ఆరంగుళాలు కలిపి, వెడల్పు భుజాల కొలతకు అటు ఐదు ఇటు ఐదు అంగుళాలు కలిపి తీసుకోవాలి. పట్టా వెడల్పుకు దాని మీద ఇంకో 11 అంగుళాలు, పొడవుకు 33. చిన్న మిషన్ మీద పట్టా, నవారు కలిసిన చోట సూది విరుగుతుంది. అక్కడ చక్రం చేత్తో తిప్పుతూ కుట్టాలి, లేదా ఆ నాలుగు చోట్లు చెప్పులు కుట్టేవాళ్ళతో వేయించుకోవాలి. పొయ్యికి, చలిమంటకు కనీసం పదడుగుల దూరంలో పక్క వేయాలి. ఫోమ్, పట్టా, తెర మూడూ నిప్పుకు క్షణంలో అంటుకునే సరుకే.

చైత్ర పౌర్ణమికి నల్లమల అడవిలోని సలేశ్వరం జాతరకు పోయేవాళ్ళు కూడా ఇదే చుట్ట అడుగుతున్నారు. అది ఎండాకాలం, కింద రాళ్ళు తప్ప చలి ఉండదు. వాళ్ళకు గొంగడి, కోరా దుప్పటి తీసేసి పట్టా, ఫోమ్, పల్చటి బొంత, తెర మాత్రమే ఇస్తున్నాం. లోయలోకి మోసుకొని దిగాలి కాబట్టి ఫోమ్‌ను మెడ నుంచి మోకాళ్ళ దాకానే కోసి పెడుతున్నాం, కాళ్ళ కింద సంచి పెట్టుకుంటే సరిపోతుంది.

కాక తమ్ముడికి ఈ సీజన్‌కు కొత్తది కుడుతున్నాం. అతను ఆరడుగులకు కొంచెం తక్కువ, 9 అడుగుల పట్టాలో తల వైపు రెక్క అడుగున్నరకు దిగింది. ఫోమ్ కూడా ఆరడుగుల షీటు చాలక ఆరంగుళాల ముక్క జత చేయాల్సి వస్తోంది. ఆ ముక్క కాళ్ళ వైపు పెడుతున్నాం.